మోటారు ఆపినాక మోగిన గంట

ముగ్గురాయి గనిలో కరెంటు పని చూసే బసవన్న కనురెప్పల మీద ఎప్పుడూ తెల్లటి రాతిపొడే. లోపలున్న కూలీలు తాము ఎక్కిన తొట్టిని పైకి లాగమని మోగించే గంట తీగకు మోటారు తీగ ఆనుకుని పోవడంతో, ఎవరూ మోగించకుండానే అది అప్పుడప్పుడూ గణగణమనేది. బసవన్న మోటారు ఆపి చూసేవాడు. గంట ఊరుకుంటే, తీగలను ఎడంగా జరిపి, ఎర్తు తీగ పాతిన ఎండిన గుంతలో ఉప్పునీళ్లు పోసి, బీడీ ముట్టించేవాడు.

ఆ సాయంత్రం కూలీలందరూ పైకొచ్చేశాక గంట మోగింది. మోటారు ఆపినా ఆగలేదు.

“లోపల ఎవురూ లేరు కదప్పా!” అన్నాడు మేస్త్రి ఉరుకుందు.

“మోటారు తప్పు కాదప్పా. ఎవురో పిలుస్తాండారు,” అంటూ బసవన్న మళ్లీ మోటారు వేసి, ఖాళీ తొట్టిని దించాడు. పైకి లాగేటప్పుడు మోటారు మనుషుల బరువుకు మూలిగినట్టే మూలిగింది. వచ్చిన తొట్టిలో ఎవరూ లేరు.

బసవన్న తలగుడ్డ తీసి పక్కకు నిలబడ్డాడు.

“జరుగప్పా, వాళ్లను దిగనీ.”