పుస్తకంలో లేని అక్క

అచ్చులో తన పేరు తనే చదువుకోవాలని ఓక్‌బున్ డెబ్బై ఆరేళ్ల వయసులో పలక పట్టింది. దక్షిణ కొరియాలోని దేగు నగరంలో ముసలివాళ్లకు అక్షరాలు నేర్పే బడిలో రెండేళ్లు కూర్చుంది. నాలుగు బట్టల మిల్లుల యజమాని అయిన తమ్ముడు ఛాంగ్‌సిక్ తన జీవితకథ రాయించుకుంటున్నాడు మరి.

రాసేది అతను కాదు. ఇలాంటి కథలు రాసిపెట్టి బతికే మిన్ అనే ఆయన. మూడు రోజులు ఓక్‌బున్ ఇంట్లో కూర్చుని, ఆమె పెట్టిన సోయా పులుసు తిని, అన్నీ రాసుకున్నాడు. తండ్రి పోయిన ఏడాది, పదమూడేళ్ల పిల్లగా పట్టు మిల్లులో చేరడం, మరిగే నీళ్లలోంచి పట్టుగూళ్లు తీసి తీసి వేళ్ల తోలు ఊడడం, ఆ జీతంతో తమ్ముడు కాలేజీ దాకా వెళ్లడం. సంతకం రాక, అరిగిన వేలికి ముద్ర పడక, బ్యాంకులో ఆమె ఎన్నిసార్లు దోషిలా నిలబడిందో.

పుస్తకం చేతికొచ్చాక వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. మిల్లు ఉంది, మరిగే నీళ్లున్నాయి, ఊడిన తోలుంది. అన్నీ అమ్మ పడ్డట్టుంది. మంచం దిగలేని ఆ తల్లి, పాపం, మిల్లు గడప తొక్కి ఎరగదు. ఓక్‌బున్ పేరు భూతద్దం పెట్టి వెతికినా లేదు.

మిన్‌కి ఫోన్ చేసింది. "అవి నా చేతులు కదా నాయనా?"

"నిజమే మామ్మగారూ. ఛైర్మన్‌గారే మార్చమన్నారు. అమ్మ కష్టమైతే జనం ఏడుస్తారు, అక్క కష్టానికి ఎవరేడుస్తారన్నారు."

తిన్న పులుసు ఎప్పుడో అరిగిపోయింది, ఇక విశ్వాసమెక్కడిది?

ఆవిష్కరణ సభలో తమ్ముడు మైకు ముందుకు పిలిచాడు. "మా అక్క ఈ వయసులో చదువు నేర్చింది. అమ్మ పేజీ చదువక్కా."

ఓక్‌బున్ కళ్లజోడు సర్దుకుంది. అమ్మ అని ఉన్న చోటల్లా అక్క అని చదివింది. "అక్క మరిగే నీళ్లలో చేతులు పెట్టింది. అక్క జీతంతో నేను చదువుకున్నాను." ఒళ్లంతా తేలికైంది.

ముందు వరుసలో ఒకావిడ పక్కావిడతో అంది. "పాపం, ఇంకా అక్షరాలు పట్టుబడలేదు."

ఛాంగ్‌సిక్ లేచొచ్చి ప్రేమగా భుజం పట్టుకున్నాడు. "అది అక్క కాదక్కా, అమ్మ. కంగారు లేదు, మళ్లీ చదువు."

సభ చప్పట్లు కొట్టింది. వాడు అడిగినదానికి కాదనడం ఆమెకు ఏనాడూ అలవాటు లేదు. మళ్లీ చదివింది, ఉన్నది ఉన్నట్టు. ఈసారి ఒక్క తప్పూ పోలేదని అందరూ మెచ్చుకున్నారు.