ప్రెసిడెంటు గారి ఎడమ చెవి

రండమ్మా, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. ఒక్క మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చుని మా ఆయన ప్రెస్సునీ, నా పరువునీ, ఒక పెద్దమనిషి చెవినీ ఒకే దెబ్బకి ఎలా కోసేశానో చెబుతాను. నవ్వండి, పర్లేదు. అప్పుడు నాకు మాత్రం నవ్వు రాలేదు.

పొదిల్లో మాది చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు. ఒక ప్రింటింగు మెషీను, ఒక కటింగు మెషీను, మధ్యలో మా ఆయన సాంబయ్య. ఆఫీసుల వాళ్ళు కంప్యూటర్లో కొట్టి పంపే ఫైళ్ళున్నాయే, అవి కల్లంలో పోసిన మిరపకాయలే! తాలు, తొడిమ, మట్టి అన్నీ కలిసే వస్తాయి. అక్షరాలు ఒకచోట లావు, ఒకచోట సన్నం. ఫొటో ఒక పేజీలో, దాని కింద పేరు ఇంకో పేజీలో. అవన్నీ ఏరి సరిచేసి పంపితేనే ఒంగోల్లో అచ్చు ప్లేట్లు తీస్తారు, అవొస్తేనే మా మెషీను తిరుగుతుంది. ఆ ఏరే పనికి మా ఆయన సుజాత అనే అమ్మాయిని పెట్టాడు.

పెట్టాడు సరే, ఆ పొగడ్తలెందుకు?

"సుజాత చెయ్యి పడితే ఫైలు గ్రేడింగు చేసిన మిర్చేనే పద్మా!" అంటాడు, నేను పెట్టిన అన్నం తింటూ. ఇన్నేళ్ళ కాపురంలో నా గోంగూర పచ్చడిని ఒక్కసారి "బాగుందే" అన్న పాపాన పోయాడా? నా కడుపులో కారం మిల్లు తిరిగేది.

చదివింది ఎనిమిదే కానీ నా కళ్ళు మహా చెడ్డవి. సుజాత పక్కన కూర్చుని, టీ ఇస్తున్నట్టే ఇస్తూ, ఫైలు తెరవడం, బొమ్మ జరపడం, ప్లేట్లకి పంపడం అన్నీ పట్టేశాను. ఇక ఈ పిల్లతో పనేముంది, నేనే చేసి చూపిస్తే సరి అనుకున్నాను.

ఇలా ఉండగా, ఊరి చివర కొత్తగా కట్టిన కోల్డు స్టోరేజీ వాళ్ళు వార్షిక నివేదిక పుస్తకం అచ్చుకిచ్చారు. ఇది నచ్చితే ఏడాది పొడుగునా వాళ్ళ రసీదు పుస్తకాలు, గేటు పాసులు అన్నీ మాకే. నచ్చకపోతే మెషీను మీద బట్టలారేసుకోవడమే. లోపలి పేజీలు అయిపోయాయి. అట్ట మిగిలింది. దాని మీద ప్రెసిడెంటు గారి ముఖం, చుట్టూ ఎర్ర అంచు.

"అక్కా, మా పిన్ని కూతురి పెళ్ళికి సింగరాయకొండ వెళ్తున్నా. అట్ట ఫైలు నేనొచ్చాక ఇంకోసారి చూసి పంపుతా," అని సుజాత వెళ్ళిపోయింది.

మా ఆయన కాగితానికని బయటికెళ్ళగానే ఫైలు తెరిచాను. నేను మంగళగిరి మగ్గాల ఇంట పుట్టినదాన్ని. చీరకి అంచు ఎక్కడుంటుంది? చిట్టచివర! మరి ఈ మహాతల్లి ఏం చేసిందీ? పుస్తకం ఇక్కడిదాకా అని గీత పెట్టుకుని, ఎర్ర అంచుని ఆ గీతకి లోపలెక్కడో పెట్టింది. వెనక రంగునేమో గీత దాటించి అవతలికి పారబోసింది! "కొలతలు రావన్నమాట!" అనుకుని, చెప్పొద్దూ, ఆ సంతోషంలో ఇంకో టీ పెట్టుకుని తాగాను.

గీత బయటి రంగంతా తీసేశాను. అంచుని లాగి లాగి సరిగ్గా గీత మీదికి తెచ్చాను. ముఖాన్ని పెద్దది చేశాను. ఎడమ చెవి వెళ్ళి అంచుకి ఆనింది. కొత్త చీర మడత విప్పినట్టుంది, నా దిష్టే తగిలేలా! ఒంగోలు పంపేశాను.

ప్లేట్లు తీసే శీను వెంటనే ఫోను చేశాడు.

"అక్కా, చుట్టూ కత్తికేం వదల్లేదేంటి?"

"అలాగే ఉండాలి. తియ్యి."

"సుజాత చూసిందా?"

"ఏం, ఆవిడ చూడకపోతే నీ మెషీనుకి కరెంటు రాదా? తియ్యవయ్యా!"

పాపం, తీశాడు.

మర్నాడు మా ఆయన, సుజాతే పంపి వెళ్ళిందనుకుని, ప్లేట్ల వంక కూడా చూడకుండా ఎక్కించాడు. "సుజాత ఫైలుకి చూసేదేముందే!" అన్నాడు. నేనే చేశానని నోటిదాకా వచ్చింది. ఆగాను. నలుగురూ మెచ్చుకున్నాక చెబితే ఆ రుచే వేరు.

తర్వాత కటింగు. కత్తి కింద పెట్టాక కాగితాల కట్ట కాస్త అటూ ఇటూ కదులుతుందట. అందుకే రంగుని గీత దాటిస్తారట, పోకూడనివి లోపలికి పెడతారట. మగ్గం మీద చీర అంచుని ఎవరైనా కోస్తారా? నాకెలా తెలుస్తుంది!

ఒక పుస్తకానికి అంచు ఒకవైపే ఉంది. ఇంకోదానికి అసలే లేదు, బదులుగా తెల్లచార. ప్రెసిడెంటు గారికి ఒకదాంట్లో ముప్పాతిక చెవి, ఒకదాంట్లో తమ్మె మాత్రం, మిగతావాటిలో చెవే లేదు, నున్నగా గోడ.

అదే సమయానికి కోల్డు స్టోరేజీ మేనేజరు దిగాడు. అటునుంచి సుజాత పెళ్ళి లడ్డూలతో.

"సాంబయ్య గారూ, మా ప్రెసిడెంటు గారి చెవేదండీ?"

మా ఆయన ముఖం సున్నం కొట్టినట్టయింది. "ఏంటమ్మా సుజాతా ఇదీ?" అన్నాడు. ఇదీ, ఈ మాట కోసమేగా నేనిన్నాళ్ళూ ఎదురుచూసింది! మూలన నిలబడి లడ్డూ కొరికాను. ఇంకా మింగలేదు, ఆయన అట్టని మళ్ళీ పైకెత్తి చూసి, మెల్లగా నా వైపు తిరిగాడు.

"ఇది సుజాత పని కాదండీ. అంచుని ఇలా చివరికంటా లాగే పిచ్చి మంగళగిరి ఆడపడుచులకే ఉంటుంది."

"ఎవరండీ ఆవిడ?" అన్నాడు మేనేజరు.

"నా కర్మ! మా ఆవిడేనండి."

లడ్డూ గొంతులో అడ్డం పడింది. నా వీపు తట్టి మంచినీళ్ళిచ్చింది ఎవరనుకున్నారు? సుజాతే! నీళ్ళిచ్చి, "సార్, లోపలి పేజీలు బాగున్నాయి, పోయింది అట్టొక్కటే. రేపటికి కొత్తది వేసిస్తాం," అంది. అన్నట్టే చేసింది.

మేనేజరుకి నచ్చింది. ఏడాది పనీ మాకే ఇచ్చాడు. కాకపోతే ఒక షరతు పెట్టాడు: "సుజాత గారు చూడందే ఏ ఫైలూ ప్లేటుకి వెళ్ళకూడదు." మరి అంత షరతున్నాక ఆమెని వదులుకుంటామా? మా ఆయన ఆ పూటే జీతం పెంచాడు. ఆమెని సాగనంపుదామని నేను పడ్డ పాటు, ఆమెకి పీట వేసి కూర్చోబెట్టింది.

ఆ రోజే స్నానం చేసి, దీపం పెట్టి, మా మంగళగిరి కొండమీది నరసింహస్వామి సాక్షిగా ఒట్టేసుకున్నాను: ఈ జన్మలో చీరకి తప్ప దేనికీ అంచు సర్దను. ఇప్పటికీ ఆయన "సుజాతా!" అని పిలిస్తే కడుపులో మిల్లు తిరుగుతూనే ఉంటుంది. తిరగనీ, మౌసు మాత్రం ముట్టను.

మీ ఇల్లు చల్లగుండాలమ్మా. మీ కల్లాలు ఎర్రగా నిండాలి, మీ గోడ మీది ఫొటోల్లో అందరి చెవులూ నిండు నూరేళ్ళు వర్ధిల్లాలి.