మీటరుకు బొట్టు

బండి డ్యాష్‌బోర్డులో నేను వాలుగా బిగించిన మీటర్లను నా చెల్లెలి కొడుకు వేణు నన్ను అడగకుండా నిటారుగా తిప్పేశాడు. తిప్పి ఊరుకోలేదు, ఫోటో తీసి బంధువులందరికీ పంపాడు. కింద ఒక మాట కూడా రాశాడు: "ఇప్పుడు సరిపోయింది." అంటే అంతకుముందు సరిగా లేదనేగా?

ఆ ఫోటో వచ్చినప్పుడు నేను ధర్మపురిలో మా ఇంటి వసారాలో కూర్చుని ఉన్నాను. కళ్ళజోడు పెట్టుకుని చూశాను, తీసి తుడిచి మళ్ళీ చూశాను. కోపంతో ముక్కు రుద్దుకుంటే చూపుడువేలి కొన నుంచి కుంకుమ, గ్రీజు కలిసిన వాసన వచ్చింది. మొన్ననే ఆ మీటర్ల అద్దాల మీద ఆ వేలితో బొట్లు పెట్టాను. సబ్బుతో ఎంత కడిగినా ఆ వాసన ఒక పట్టాన వదలదు. దానితో పాటు రాజమ్మక్క కూడా వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నా ఎదురుగా నిలబడింది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. అయినా నా పనిని ఎవరైనా చెడగొడితే ఇప్పటికీ ముందు ఆమే వస్తుంది, అదీ నన్నే తిట్టడానికి.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. సేలం రోడ్డులో లారీలు ఆగే చోట ఒక రేకుల షెడ్డు ఉండేది. ఇంజను వేడి, ఆయిలు ఒత్తిడి, బ్యాటరీ కరెంటు చూపించే గుండ్రటి మీటర్లను అందులో బాగుచేసి, బండ్లకు బిగించేది రాజమ్మక్క. ఆమె నాన్న గడియారాల పనివాడు, మొగుడు లారీ డ్రైవరు. ముళ్ళ పని పుట్టింటి నుంచి, లారీల గోల మెట్టినింటి నుంచి వచ్చాయి. పొడుగు మనిషి. నుదుట పెద్ద కుంకుమ బొట్టు. గొంతు ఎత్తితే రోడ్డు అవతల టీ కొట్టువాడు కూడా ఉలిక్కిపడేవాడు. వినయమంటే ఏమిటో ఆమెకు తెలియదు. "ఈ రోడ్డులో నా అంత ముల్లు పని తెలిసినోడు ఉంటే రమ్మను, నా ముక్కుపుడక తీసి ఇచ్చేస్తాను" అనేది. ఆ ముక్కుపుడక చివరిదాకా ఆమె ముక్కుకే ఉంది.

నేను అప్పటికి పెళ్ళయి కట్టడం కూలికి పోతున్నవాణ్ణి. ఆ షెడ్డుకు పక్కగోడ కట్టడానికి వెళ్ళి, ఇటుకల కంటే ఎక్కువగా ఆమె బల్లకేసి చూస్తూ ఉండిపోయాను.

"ఏమప్పా, గోడ కడతావా, నా మొగం చూస్తావా?"

"మొగం కాదక్కా, ఆ ముల్లు చూస్తా ఉండాను. అదెందుకు అట్ల వణుకుతా ఉంది?"

ఆమె చేతిలో పని ఆపింది. నన్ను ఎగాదిగా చూసి మేస్త్రీని కేకేసింది. "ఈయప్పను నాకు వదిలిపెట్టు సామీ. ఈయన ఉంటే నీ గోడ బాగుపడదు." గోడ నిజంగానే వంకరపోయింది. ఆ షెడ్డును పడగొట్టేదాకా ఆ వంకర అలాగే ఉండింది. వచ్చిన డ్రైవర్లందరికీ ఆమె దాన్ని చూపించి, "ఇది మా వాడు కట్టింది, అందుకే వీణ్ణి మీటర్లకు తెచ్చుకున్నాను" అని పరిచయం చేసేది.

ఇప్పుడంటే గుండ్రటి రంపం పెట్టి డ్రిల్లు ఆన్ చేస్తే రేకులో రంధ్రం పడిపోతుంది. అప్పుడు గీత గీసి, గీతకు లోపలగా చుట్టూ చిన్న చిన్న బెజ్జాలు వేసి, నడిమి ముక్కను ఊడగొట్టి, మిగిలిన పళ్ళను ఆకురాయితో అరగదీయాలి. రంధ్రం సరిగా వచ్చిందా లేదా అని కొలవడానికి రాజమ్మక్క దగ్గర ఒక ఎర్ర గాజు ఉండేది. చిన్నపిల్లలు వేసుకునేది, మీటరు లావుకు సరిగ్గా సరిపోయేది. మేకుకు వేలాడుతుండేది. "దూరితే చాలదు, గలగలమనకూడదు. బిగుసుకుంటే పగులుతుంది. పగిలితే నీ రంధ్రం తప్పు, గాజు తప్పు కాదు" అనేది. ఎన్ని పగలగొట్టానో లెక్కలేదు. బజారులో గాజుల అంగడివాడు నన్ను చూడగానే, "ఎంతమంది ఆడపిల్లలన్నా నీకు?" అనేవాడు. ఇంకా పిల్లలే లేరంటే, ఈ మనిషికి ఈ గాజులెందుకా అని అనుమానంగా చూసేవాడు.

మీటరుకూ రేకుకూ మధ్య పాత సైకిలు ట్యూబును చుట్టలా కత్తిరించి వేయించేది. "లారీ అదిరితే ముల్లుకు నిద్ర పట్టద్దా? పరుపు వెయ్యి" అనేది. కానీ ఆమె అసలు పని బిగించిన తర్వాతే మొదలయ్యేది. వెనక నట్లను కాస్త వదులుగా ఉంచి, డ్రైవరు పక్కన ఎక్కి కూర్చునేది. నేను వెనక నక్కేవాణ్ణి. తొప్పూరు కనుమ దాకా పోయి వచ్చేవాళ్ళం. ఇంజను వేడెక్కి, ఏ బాధా లేకుండా హాయిగా పరుగెత్తుతున్నప్పుడు, తన నుదుటి కుంకుమ మీద వేలు అద్ది, ఒక్కో ముల్లు కొన ఎక్కడ నిలిచిందో అక్కడ అద్దం మీద బొట్టు పెట్టేది. షెడ్డుకు వచ్చాక ఆ బొట్టు నడినెత్తికి వచ్చేదాకా మీటరు మొత్తాన్ని తిప్పి, అప్పుడు నట్లు బిగించేది. దాంతో ఒక్కో మీటరు ఒక్కో వాలులో కూర్చునేది. అంకెలు తాగి పడిపోయినట్టు కనిపించేవి. కానీ బండి ఆరోగ్యంగా ఉన్నంతసేపు ముళ్ళన్నీ బడిపిల్లల్లా వరుసగా, నిటారుగా నిలబడేవి.

ఆ బొట్లను పూజ అనుకున్నవాళ్ళు చాలామంది. ఒక లారీ ఓనరైతే భక్తి పొంగి, అద్దాల నిండా పసుపు పూసి, చుట్టూ మల్లెపూల దండ కట్టి తీసుకొచ్చాడు. లోపల ముళ్ళు ఉన్నాయో లేవో కూడా కనిపించడం లేదు. రాజమ్మక్క దాన్ని చూసి చెంపలు వాయించుకుంది. "సామీ, నువ్వు బండి నడుపుతావా, దీనికి దండం పెట్టుకుంటా పోతావా?"

అంకెలు వంకరగా ఉంటే ఎలా అని నేనూ అడిగాను. అడగకుండా ఉండగలనా?

"మా ఇంటాయనకు అంకెలు రావప్పా. సుమ్మా, ఊరికే కూర్చున్నప్పుడు ఎవరైనా చదువుతారు. కనుమలో లోడుతో దిగేటప్పుడు ఎవరికి అంకెలు వస్తాయి? నిలబడినోళ్ళ నడుమ ఒకడు పడుకుంటే గుడ్డోనికి తప్ప అందరికీ తెలుస్తుంది" అంది. డీజిలు మీటరును మాత్రం ఆ వరుసలోకి రానిచ్చేది కాదు. "అది దినమూ పడుకునేదే, సోమరిది. దాన్ని పక్కన పెట్టు."

నేను ఈ తెలుగు అక్షరాలు నేర్చుకున్నదీ ఆ షెడ్డు ముందే. మా ఇళ్ళలో తెలుగు, గడప దాటితే తమిళం. మాట్లాడే తెలుగును రాయవచ్చునని మా వాళ్ళలో చాలామందికి తోచదు. ఆంధ్రా లారీలు ఆగినప్పుడు వెనక తలుపుల మీది రాతలను డ్రైవర్లను అడిగి అడిగి కూడబలుక్కున్నాను. "వెనక చదివింది చాలు, ముందుకు రా, ముల్లు పని ఉంది" అని రాజమ్మక్క అరిచేది. అయినా కొత్త లారీ వస్తే, "దీని మీద ఏం రాసుంది, చదువు చూద్దాం" అని ఆమే అడిగేది.

ఒక్క విషయంలో మాత్రం ఆమె మీద నా కోపం ఇంకా పోలేదు. నన్ను ఎప్పుడూ మెచ్చుకోలేదు. ఒకసారి ఒక డ్రైవరు షెడ్డుకు వచ్చి నా చేయి పట్టుకుని, "మీటర్లు శానా బాగుండాయన్నా, చూస్తానే ఉండాలనిపిస్తా ఉంది" అన్నాడు. నేను పొంగిపోయేలోగా ఆమె వాడి మీద విరుచుకుపడింది. "రోడ్డును విడిచిపెట్టి వాటిని చూస్తా పోతివా? నీ పెండ్లాంబిడ్డలు ఏం కావల్లరా?" వాడు బిక్కచచ్చి వెళ్ళిపోయాడు. నేను ఆకురాయి విసిరికొట్టాను.

"నాకు ఒక మంచిమాట వస్తే కూడా ఓర్చుకోలేవా అక్కా?"

"అది మంచిమాట కాదప్పా. ముల్లు ఎంత చూపించిందని డ్రైవరును అడుగు. వాడు చెప్పలేకపోతే, ఆ దినం నీ పని బాగుందని తెలుసుకో."

ఆనాటి నుంచి ఎంతమందిని అడిగానో! నేను అడుగుతానని తెలిసి, పాపం, నన్ను సంతోషపెట్టాలని అంకెలు గుర్తుపెట్టుకుని మరీ వచ్చి అప్పజెప్పేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇక మా వేణు సంగతి. కడత్తూరులో కొబ్బరి, పసుపు పండిస్తాడు. మంచి రైతు, కానీ బండి పిచ్చి. ఇనుప పైపులు వంచి, అతికించి, పాత వ్యాను ఇంజనును వెనక కూర్చోబెట్టి, బుడగల్లాంటి చక్రాలు వేసి, కప్పూ తలుపులూ లేని ఒక వాహనాన్ని తయారుచేశాడు. డ్యూన్ బగ్గీ అంటారట.

"ఇసుక దిబ్బల బండి అంటున్నావు, మన ధర్మపురిలో దిబ్బలెక్కడివిరా?"

"ఏరు ఎండింది కదా మామా, కావలసినంత ఇసుక. డ్యాష్‌బోర్డు మాత్రం నువ్వే చెయ్యల్ల."

అలా అడిగితే ఎవరు కాదంటారు? అల్యూమినియం రేకును కోశాను, గాజుతో కొలిచాను, సైకిలు ట్యూబు పరుపు వేశాను. పసుపు తోట గట్ల వెంట వాడు ఎగరేసి నడుపుతుంటే బొట్లు పెట్టాను. ఒకటి నా ముక్కుకే పడింది. మీటర్లు ఎందుకు వాలుగా ఉండాలో వివరంగా చెప్పాను. వాడు తల ఊపాడు. చెవులు నాకిచ్చి మనసు చక్రాలకు ఇచ్చాడని ఫోటో వచ్చాక గానీ నాకు తెలియలేదు.

మర్నాడే బస్సెక్కి కడత్తూరు వెళ్ళాను.

"ఎందుకు తిప్పినావురా?"

"కోపం చేసుకోవద్దు మామా. స్నేహితులు వచ్చి చూసి నవ్వినారు. మీ మామకు చూపు పోయిందా, మీటర్లను పడుకోబెట్టినాడే అన్నారు."

"నువ్వేం చేసినావు?"

వాడు నేలచూపులు చూశాడు. "కొంచెం నవ్వినాను మామా."

ఈ పద్ధతి తెలిసినవాళ్ళలో ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే మిగిలాను. లారీలకు ఇప్పుడు అన్నీ కంపెనీ నుంచే బిగించి వస్తాయి. ఈ ఒక్క బండిలో నుంచి కూడా తీసేస్తే రాజమ్మక్క పని లోకంలో ఇంకెక్కడా ఉండదు. ఆ మాట వాడితో అనలేదు. "ఆదివారం మీ వాళ్ళందరూ ఏటిలో కలుస్తారు కదా, ఆ ఒక్క దినం నా వాలులో నడుపు. తర్వాత నీ ఇష్టం, తిప్పుకో, పీక్కో, పూలదండ వేసుకో" అన్నాను.

"సరే మామా. మళ్ళీ నవ్వితే?"

"నన్ను చూపించు. నేనూ వాళ్ళను చూసి నవ్వుతాను."

బొట్లన్నీ వాడు తుడిచేసి ఉన్నాడు. మళ్ళీ గట్ల మీద తిరగాలి. మా చెల్లెలు వాకిట్లోకి వచ్చి, ఏమీ అడగకుండా, కుంకుమ కోసం నుదురు నా ముందుకు వంచింది. "పెట్టుకో అన్నా. ఈసారి వాడు తుడిస్తే చేయి విరుస్తాను" అంది.

ఆదివారం ఏటిలో రకరకాల బండ్లు, కుర్రకారు, చెరకురసం బండి, ఒకటే సందడి. వేణు బండి చుట్టూ మూగి మీటర్లను చూసి మెడలు వంచి నవ్వారు. నేను చొక్కా జేబులో ఎర్ర గాజును పట్టుకుని నిలబడ్డాను. రాజమ్మక్క షెడ్డు నుంచి నేను తెచ్చుకున్నది అదొక్కటే. ఇప్పటికీ నా జేబులోనే ఉంటుంది. వేణు బండి ఇసుకను గొడుగులా లేపుతూ దూసుకుపోయింది. ఆ గంతులకు నా గుండె కూడా ఎగిరింది, నిజం చెప్పాలంటే ఈలవేశాను కూడా. అంతలో దూరపు వంపు దగ్గర బండి ఠక్కున ఆగిపోయింది.

"తాత మీటర్లను చూసి ఇంజను దడుచుకుంది!" అన్నాడొకడు. చెప్పులు చేత పట్టుకుని ఇసుకలో పరుగులాంటి నడక నడిచాను. వేణు బండి వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నీటి గొట్టం బిగింపు ఊడి, వేడినీళ్ళు పొగలు కక్కుతూ ఇసుకలోకి కారుతున్నాయి.

"మంచి సమయానికి ఆపినాను మామా. ఇంజనుకు ఏమీ కాలేదు."

నాకు కావలసింది అది కాదు. జేబులో గాజును గట్టిగా పట్టుకుని, ఎన్నో ఏళ్ళుగా ఎంతోమందిని అడిగిన ప్రశ్నే అడిగాను. "వేడి మీటరు ఎంత చూపించిందిరా?"

వాడు మొహం మీది ఇసుక తుడుచుకుని, తెల్లటి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

"ఎంతనో ఎవరు చూసినారు మామా? నేను ఇసుకను చూస్తా ఉన్నాను. పక్కన ఎవడో సోలిపోయినట్టుండె, ఆపేసినాను."