కొట్టే ముందు కొంగు

మా మేనత్త ఎవరినైనా కొట్టే ముందు చీర కొంగు నడుం చుట్టూ తిప్పి బొడ్లో దోపేది. అది చూసి పరిగెత్తినవాళ్ళకే మా పేటలో పళ్ళు మిగిలాయి. ఒకసారి వేలంలో తన చేపల గంపను తన్నిన దళారిని వంజరం చేపతో కొట్టి పెదవి చీల్చింది. తర్వాత ఆ వంజరాన్నే అతనికి అమ్మింది.

గుండెకు స్టెంటు వేసే ముందు రోజు ఆవిణ్ణి పరీక్షలకు శ్రీకాకుళం తీసుకెళ్ళాను. “బీపీ తగ్గకపోతే రేపు వెయ్యలేం. ఆగితే ప్రాణానికే ముప్పు” అన్నాడు డాక్టరు.

రక్తం తీసేవాడికి నరం దొరకలేదు. అత్త కొంగు దోపింది. వాడి చెంప వాచింది. ఈసీజీ గది దగ్గర వరస తప్పించి దూరిన పెద్దమనిషిని చొక్కా పట్టి తలుపుకేసి గుద్దింది. ముక్కు పగిలింది. ఆయన రక్తపరీక్షకి ఇక సూది అక్కర్లేకపోయింది.

“అత్తా, బీపీ పెరిగిపోతాది.”

“ముందు నీ పళ్ళు రాలతాయి. నోర్ముయ్యరా సచ్చినోడా!”

చివరి గదిలో చీర మార్పించి ఆకుపచ్చ గౌను తొడిగారు. నర్సు ఆవిడ మణికట్టు చూపించి, “రేపు ఇక్కణ్ణుంచి గుండెలోకి తీగ పంపుతాం” అంది.

అత్త చెయ్యి నడుం దగ్గర కొంగు కోసం వెతికింది. దొరక్క నా చొక్కా అంచు పట్టుకుంది.

“ఒరే, ఆళ్ళు లోపలికొచ్చేస్తే నానెలాగ కొడతాన్రా?”

తర్వాత కదలకుండా కూర్చుంది. బీపీ తగ్గింది. డాక్టరు సంతోషించాడు. నాకే భయం వేసింది.

“పోనీ నన్నొక్కటి కొట్టు అత్తా” అన్నాను.

చొక్కా వదల్లేదు.