సుభద్రమ్మ జపాన్ గుళ్లు చూసొచ్చిన రోజు

గద్వాల కోట వెనక వీధిలో నేసేవాళ్ల ఇళ్లు వరసగా ఉంటాయి. అందులో నాలుగో ఇంటి వెంకటయ్యకు పనిలో మంచి పేరుంది. ఆయన భార్య సుభద్రమ్మకు మంచి గొంతుంది. ఆమె వంటింట్లో మాట్లాడితే వీధి చివర పాలాయనకు వినపడుతుంది.

తొమ్మిదేళ్లప్పుడు పుట్టింట్లో రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టడంతో మొదలైంది ఆమె పని. పదిహేడేళ్లకు రెండు వీధులు దాటి వెంకటయ్య ఇంటికి కోడలిగా వచ్చి మగ్గం పక్కన కూర్చుంది. ముప్పై తొమ్మిదేళ్లుగా ఆ చోటు ఆమెదే. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండింటినీ పోగుపోగునా కలుపుకుంటూ పోవాలంటే గుంటలో కూర్చుని నేసే మనిషి ఒక్కడు చాలడు. పక్కన ఇంకొకరు కూర్చుని అంచు పట్టుపోగున్న నాడెను అందుకోవాలి, తిరిగి ఇవ్వాలి. రోజుకు ఎన్ని వేలసార్లో ఎవరూ లెక్కపెట్టలేదు. ఈ పనిలో పడి ఆమె చూసిన దూరదేశాలు రెండే. ఒకటి కర్నూలు, ఇంకొకటి శ్రీశైలం.

కిందటేడు వానాకాలంలో ఒక చేనేత శాఖ అధికారి వాళ్లింటికి వచ్చాడు. జపాన్‌లో ఒసాకా అనే ఊళ్లో చేనేత ప్రదర్శన జరుగుతుందట. గద్వాల నుంచి ఒకరు వెళ్లి జనం ముందు నేసి చూపించాలట.

“ఒక్కరికే అవకాశం ఉంది వెంకటయ్యా. నువ్వు తయారుగ ఉండు,” అన్నాడు.

ఆయన చాచిన కాగితాన్ని వెంకటయ్య అందుకోలేదు. “ఒక్కణ్ణి పోయి ఏం జెయ్యాలె సార్? ఎడమ చెయ్యి ఇంట్ల పెట్టి కుడి చెయ్యి తోటి పొమ్మంటె ఎట్ల? గద్వాల చీర ఒక్కరు నేసేది గాదు. ఆమె రాకుంటె నేను గూడ రాను.”

మగ్గం పక్కన కూర్చున్న సుభద్రమ్మ చేతిలో నాడె ఆగిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. ఆ అధికారి ఆమెవైపు చూశాడు. ఈ ఇంటికి ఎన్నోసార్లు వచ్చాడుగానీ, మగ్గం పక్కన కూర్చునే మనిషిని సరిగ్గా చూసింది మాత్రం అప్పుడే. రెండు వారాల తర్వాత రెండు పేర్లతో కాగితం వచ్చింది. వనపర్తిలో ఇంగ్లీషు టీచరుగా పనిచేసే వాళ్ల కూతురు రోహిణి బడికి సెలవు పెట్టి, మాట సాయానికి తనూ బయల్దేరింది.

ఒసాకాలో మూడు రోజులు నేసి చూపించారు. నాలుగో రోజు సెలవు. పిలిచినవాళ్లు ఒక కారు, ఒక గైడును ఏర్పాటు చేసి, పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా మీ కుటుంబమే హాయిగా గుళ్లూ గోపురాలూ చూసి రండి అన్నారు.

పొద్దున ఎనిమిదింటికి బస ముందు ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. అరవై ఐదేళ్లు దాటినట్టున్నాడు. నున్నగా దువ్విన తెల్లజుట్టు, చేతిలో మడతపెట్టిన కాగితం. నడుము వంచి దండం పెట్టి, “సలామ్ అమ్మా! మేరా నామ్ మొరితా. ఆజ్ కుచ్ బీ పరేషానీ నక్కో. మై హూఁ నా!” అన్నాడు.

ముగ్గురూ నోళ్లు తెరుచుకుని చూశారు. ఈరోజు ఏ చింతా వద్దు, నేనున్నాగా అని, అచ్చం గద్వాల నూలు దుకాణంలో వినే హైదరాబాదీ హిందీలో అన్నాడు. విషయమేమిటంటే, మొరితా హైదరాబాద్ పక్కన ఒక కార్ఖానాలో ఏడేళ్లు పనిచేశాడు. కింద పనిచేసేవాళ్ల దగ్గర నేర్చుకున్న భాష అది. రిటైరయ్యాక గైడు పనిలోకి దిగాడు.

“ఓ బిడ్డా, నువ్వు ఇంగ్లీషు కష్టపడకు ఇగ. నేనే మాట్లాడుకుంట,” అని సుభద్రమ్మ కూతురి భుజం తట్టింది. వెంటనే ఆయన వైపు తిరిగి, ఎవరు ఎదురైనా తను మొదట అడిగే మాటే అడిగింది. “నాష్టా కరే క్యా?” టిఫిన్ అయిందా అన్న ఆ మాటతో ఆమెకొచ్చిన హిందీ అయిపోయింది, తర్వాతదంతా రోహిణే చెప్పాల్సొచ్చింది.

మొరితా చేతిలో కాగితంమీద ఆ రోజంతా నిమిషాలతో సహా రాసి ఉంది. తొమ్మిదీ పదికి జింకలు. తొమ్మిదీ యాభైకి పెద్ద బుద్ధుడు. మధ్యాహ్నం క్యోటో నగరం, అక్కడ చెరువు ఒడ్డున బంగారు గుడి.

మొదట నారా అనే పాత రాజధానికి తీసుకెళ్లాడు. నవంబరు నెల. చెట్ల ఆకులన్నీ కుంకుమ ఆరబోసినట్టు ఉన్నాయి. వెంకటయ్య తలకు మంకీ క్యాప్, సుభద్రమ్మ ఒంటిమీద తాము నేసిన వంగపండు రంగు చీర, దానిమీద కూతురి స్వెటరు. రోడ్డుమీద జింకలు మేకల్లా తిరుగుతున్నాయి. బిస్కెట్టు చూపించి తల వంచితే అవి కూడా తల వంచుతాయని మొరితా చేసి చూపించాడు. సుభద్రమ్మ రెండు చేతులూ జోడించి వంగింది. ఎదురుగా ఉన్న జింక కూడా వంగింది. ఆమె ఆశ్చర్యపోయి మళ్లీ వంగింది. అదీ మళ్లీ వంగింది. అలా నాలుగుసార్లు. ఇంతలో వెనకనుంచి ఇంకో జింక వచ్చి కొంగు జరీని నోట పెట్టుకుంది.

“ఓయ్! ఇడువు! ఇది గడ్డి గాదు, పదిహేను దినాల కష్టం!” అని ఆమె వేసిన కేకకు జింకతో పాటు ఇద్దరు పోలీసులు కూడా వెనక్కి తిరిగారు.

పెద్ద గుడికి ముందు చెక్కతో కట్టిన ఆకాశమంత ద్వారం ఉంది. అటొకడు ఇటొకడు ద్వారపాలకులు గుడ్లురిమి చూస్తున్నారు. వాళ్లను చూడగానే సుభద్రమ్మ అలవాటు చొప్పున చెప్పులు విడిచి, ఒక పక్కన పెట్టి, నడవడం మొదలుపెట్టింది. మొరితా ముందు నడుస్తూ ఏదో చెబుతున్నాడు. చాలా దూరం పోయాక, అసలు గుడి మెట్ల దగ్గర ఆయన చూపు ఆమె కాళ్లమీద పడింది.

“అమ్మా! చప్పల్ కిధర్?”

“ద్వారం కాడ ఇడిసిన.”

ఇక్కడ చెప్పులు విప్పనక్కరలేదని, రాళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయని, తను పరిగెత్తి తెస్తానని ఆయన కంగారుపడిపోయాడు.

“మీ పద్ధతి మీది సారూ. దేవుని ముంగట చెప్పులేసుకుంటె నా కాళ్లే నడవయి,” అంది సుభద్రమ్మ. నిజానికి అరికాళ్లు కొంకర్లు పోతున్నాయి. అయినా ఒప్పుకోలేదు.

లోపల చీకట్లోంచి మెల్లగా బుద్ధుడు కనిపించాడు. ఎంత తలెత్తినా ముఖం అందదు. ఆమె చాలాసేపు చూసింది. “కూసుంటెనే ఇంతున్నడు. లేసి నిలబడితె ఇంటి కప్పు ఏంగావాలె!” అంది. రోహిణి దాన్ని హిందీ చేసి చెబితే మొరితా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదన్నాడు.

విగ్రహం వెనక ఒక స్తంభానికి అడుగున చిన్న కంత ఉంది. బుద్ధుడి ముక్కురంధ్రం అంత ఉంటుందట. అందులోంచి దూరి అవతలికి పోయినవాళ్లకు మేలు జరుగుతుందని అక్కడివాళ్ల నమ్మకం. బడిపిల్లలు వరసకట్టి దూరుతున్నారు. వెంకటయ్య ఆ కంతవైపు, మగ్గం గుంటను చూసినట్టు, కొలతవేసి చూశాడు. మంకీ క్యాప్ తీసి కూతురి చేతికిచ్చాడు.

“నాయ్నా, వద్దు!” అంది రోహిణి.

“నలభై అయిదేండ్ల సంది గుంటల దిగుతున్న బిడ్డా. గిదెంత!”

పిల్లల వెనక వరసలో నిలబడ్డాడు. వంతు రాగానే చేతులు ముందుకు చాపి తల దూర్చాడు. భుజాలు దూరాయి. నడుము దగ్గర ఇరుక్కుంది. రెండు కాళ్లు మాత్రం బయట కొట్టుకుంటున్నాయి. పిల్లలు కేరింతలు మొదలుపెట్టారు. అవతలి పక్క మొరితా నేలమీద మోకాళ్లూని చేతులు పట్టుకుని లాగాడు. ఇవతల సుభద్రమ్మ కాళ్లు పట్టుకుని తోసింది. “ఊపిరి ఇడువయ్యా! పొట్ట లోపలికి పట్టు!” అని ఆమె అరిచిన అరుపు ఆ గుడంతా మారుమోగింది. ఒక్కసారి సీసా బిరడా ఊడినట్టు వెంకటయ్య అవతల పడ్డాడు. బడిపిల్లలంతా చప్పట్లు కొట్టారు. దుమ్ము దులుపుకుని లేచి, పెళ్లినాడు కూడా లేనంత వెలుగు ముఖంతో అందరికీ దండాలు పెట్టాడాయన.

తిరిగి వచ్చేటప్పటికి ద్వారం దగ్గర చెప్పులు ఉన్నచోటే ఉన్నాయి. కానీ ఆమె విడిచినట్టు లేవు. ఎవరో వాటిని జతగా చేర్చి, కాళ్లు పెట్టి సీదా నడిచిపోయేలా బయటివైపు తిప్పి పెట్టారు. ఎవరని అడిగితే మొరితా భుజాలెగరేశాడు. ఎవరైనా కావచ్చన్నాడు. సుభద్రమ్మ చుట్టూ పోయేవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ నిలబడింది. ఎవరికి దండం పెట్టాలో తెలియక చివరికి ద్వారపాలకుడికే పెట్టింది.

మధ్యాహ్నం ఒక చెట్టుకింద బల్లమీద ఆమె మూట విప్పింది. ఎండిన జొన్నరొట్టెలు, పల్లీల పొడి, ఉల్లిగడ్డ. మొరితా కాగితంలో మాత్రం ఒక హోటలు పేరు రాసి ఉంది. ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మూడు రొట్టెలు తిన్నాడు. కార్ఖానాలో తన పక్కన కూర్చుని టిఫిన్ పంచుకున్న వీళ్ల వైపే అయిన ఒక పాలమూరు మనిషి గురించి చాలాసేపు చెప్పాడు.

కారెక్కాక సుభద్రమ్మ అంది: “సారూ, దేవుళ్లను మస్తు చూసినం. మీ తాన మగ్గం ఉన్నదా? అది చూపియ్యి.”

మొరితా టైము చూసుకున్నాడు. బంగారు గుడి ఐదింటికి మూసేస్తారు. అది చూడకుండా ఎవరూ పోరు. “అమ్మా, సోనే కా మందిర్ హై!” అని బతిమాలాడు.

“జరీల మధ్య పుట్టినదాన్ని. బంగారం నాకు కొత్త గాదు సారూ.”

ఆయన ఎవరికో ఫోన్ చేశాడు. క్యోటోలో నేతగాళ్ల పేటలో, ఒక ఇరుకు సందులో కారు ఆగింది. పొడుగాటి చెక్క ఇల్లు. తలుపు తీసిన ముసలమ్మ పేరు చియో. ఎనభై రెండేళ్లు. గువ్వపిట్టంత మనిషి. లోపల మగ్గంమీద నడుముకు కట్టుకునే పట్టు పట్టీ ఒకటి సగం నేసి ఉంది. దానిమీద కొంగలు ఎగురుతున్నాయి. చియో తిరగేసి నేస్తుంది. బొమ్మ కిందివైపు పడుతుంది. కింద పెట్టిన చిన్న అద్దంలో చూసుకుంటూ నేస్తుంది.

సుభద్రమ్మ వంగి చూసింది. చియో అడ్డంగా వేసే పేకపోగును గోళ్లతో దగ్గరికి లాగుతోంది. ఆ గోళ్లు మామూలుగా లేవు. కొసలు దువ్వెన పళ్లలా కోసి ఉన్నాయి. అడిగితే, రోజూ ఆకురాయితో తనే అలా కోసుకుంటానంది. సుభద్రమ్మ ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని దీపం వెలుగులో తిప్పి తిప్పి చూసింది.

“ఈ గోర్లతోటి అన్నం ఎట్ల కలుపుకుంటవమ్మా?”

ఆ మాట తెలుగు నుంచి హిందీకి, హిందీ నుంచి జపాను భాషకు పోయింది. జవాబు అదే దారిలో తిరిగొచ్చింది. “పుల్లలతో తింటాం కదా, కలపడమెందుకు? అంట్లు తోమడమంటావా, అది మా ఆయన పని.”

సుభద్రమ్మ మొగుడివైపు చూసింది. వెంకటయ్య కొంగలను చూడటంలో మునిగిపోయాడు.

తర్వాత రోహిణి ఫోన్‌లో గద్వాల మగ్గం వీడియో చూపించింది. ఇద్దరు మనుషులు, ఒకే చీర. చియో రెండుసార్లు చూసి ఒక ప్రశ్న అడిగింది. మొరితా నవ్వుకుంటూ చెప్పాడు. “మీరిద్దరూ కొట్లాడుకున్న రోజు చీర సంగతేంటి అని అడుగుతోంది.”

“మాటలు బందయితయి గనీ నాడె బందు గాదు,” అంది సుభద్రమ్మ. “మొకం అటు తిప్పుకోని అయినా అందియ్యాల్సిందే.”

వెంకటయ్య గొంతు సవరించుకున్నాడు. “కొట్లాడిన దినం అంచు ఇంక గట్టిగ పడ్తది.”

మొదట రోహిణి నవ్వింది. కాసేపటికి మొరితా. ఆయన చెప్పడం పూర్తయ్యాక చియో, మగ్గం పట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వు అలా మూడు భాషల మీదుగా వెళ్లేసరికి సుభద్రమ్మకు రెండోసారి నవ్వొచ్చింది.

చియో లేచి తన పీటమీద ఆమెను కూర్చోబెట్టింది. ఆ చోటు కొత్త. ముప్పై తొమ్మిదేళ్లు పక్కనే కూర్చున్న మనిషి మగ్గానికి ఎదురుగా కూర్చుంది. గోళ్లు మాట వినలేదు. వేళ్లు విన్నాయి. కొంగ రెక్క పక్కన నాలుగు వరసలు నేసింది. వెంకటయ్య ఏమీ చెప్పకుండానే పక్కకు వంగి రంగు కండెలు ఒక్కొక్కటే అందించాడు. సుభద్రమ్మ దిగాక చియో అద్దంలో చూసి తల ఊపింది. ఆ నాలుగు వరసలూ విప్పనని, వాటిమీదనే పని సాగిస్తానని చెప్పింది.

బంగారు గుడి తలుపులు ఎప్పుడో మూసేశారు. మొరితాకు ఆ బెంగ లేదు. సందు చివరిదాకా పాత హిందీ పాట ఏదో కూనిరాగం తీస్తూ నడిచాడు.

ఇంటికి వచ్చిన రెండు నెలలకు గోపాల్‌పేట నుంచి పెంటయ్య అనే వేరుశనగ రైతు, కూతురి పెళ్లిచీర కోసం ఐదుగురు మనుషులతో వచ్చాడు. చీర ఇంకా మూరెడు నెయ్యాలి. “సాయంత్రందాంక అరుగు మీద కూసుంటం తియ్యమ్మా,” అన్నాడు.

ఆదివారం కాబట్టి రోహిణి ఇంట్లోనే ఉంది. సుభద్రమ్మ కూతుర్ని మగ్గం పక్కన తన చోట్లో కూర్చోబెట్టి లేచింది. “ఏం కూసుంటరు, రాండ్రి! గద్వాల చూపిస్త.”

ముందు నిలువు పోగుల పడుగు సాగదీసే వీధి చూపించింది. రంగు వేసే ఇంట్లో ఉడుకుతున్న గంగాళం చూపించింది. తర్వాత కోటలోకి తీసుకుపోయి చెన్నకేశవుడి ముందు నిలబెట్టింది. బయటికొచ్చి కోటగోడ పైన పళ్లవరసలా లేచిన కొమ్ములు చూపిస్తూ, “గివే మీ బిడ్డ చీర అంచు మీద ఉంటయి, చూసుకోండ్రి,” అంది. పెళ్లికూతురు తలెత్తి ఒక్కో కొమ్మునూ చూసింది.

“ముప్పై ఏండ్ల సంది వస్తున్న గద్వాలకు,” అన్నాడు పెంటయ్య. “బస్టాండు, బజారు తప్ప ఏమీ తెల్వదమ్మా నాకు.”

ఆయన ఊరికి పోయి ఊరుకోలేదు, కనపడినవాళ్లందరికీ ఈ సంగతి చెప్పాడు. నెల తిరగకుండా ఇంకో కుటుంబం వచ్చింది, ఆ తర్వాత కోడేరు నుంచి ఇంకొకరు. ఇప్పుడు ఆదివారం వస్తే సుభద్రమ్మ పొద్దున్నే తల దువ్వుకుని వాకిట్లో నిలబడుతుంది. మైకు అక్కరలేని గొంతు. ఆదివారం మగ్గం ఆగిపోతోందని వెంకటయ్య మొదట్లో సణిగాడు. సణుగుతూనే ఒక రోజు నీళ్లబాటిల్ పట్టుకుని గుంపు చివర నడిచాడు. ఆ రోజునుంచి ఆ చోటు ఆయనది.

మొన్న వడ్డేపల్లి నుంచి పదకొండు మంది వచ్చారు. కోట మెట్ల దగ్గర ఒక అవ్వ కూలబడిపోయింది. పైనుంచి సుభద్రమ్మ గొంతు వినిపించింది. “ఇగో, నిన్నే! అవ్వ ఆగింది సూడు. చెయ్యి పట్టుకోని మెల్లగ తోలుకరా. దేవుడు యాడికి పోడు, తొందర లేదు.”

వెంకటయ్య బాటిల్ చంకలో పెట్టుకుని, అవ్వకు చెయ్యి అందించాడు.