పైకప్పుకు కొట్టి మధ్యకు రావడం

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఇరవయ్యేళ్ళ వయసులో, ఆ రోజుల్లో, నన్ను ఒకచోట నిలబెట్టడం ఎవరి తరమూ అయ్యేది కాదు. వట్లూరులో ఒక కాలేజీలో ఆటల గదులు తుడిచే పని నాది. అందులో రాకెట్‌బాల్ గది ఒకటి. నాలుగు గోడలూ పైకప్పూ అన్నీ ఆటలో లెక్కే. ముందు గోడకు కొట్టిన రబ్బరు బంతి రెండోసారి నేలకు తగిలేలోపు ఎదుటివాళ్ళు అందుకోవాలి. సాయంత్రాలు ఆటల మేడంగారు నా చేతిలో చీపురు లాగేసి రాకెట్ పెట్టేవారు (నా మీద ప్రేమేం కాదు, ఆవిడతో ఆడేవాళ్ళు దొరక్క).

ఒక సోమవారం ఆవిడ, "ఆదివారం గూడెంలో జోడీల పోటీ ఉంది. నా జోడీకి జ్వరం. శనివారం మన హాస్టల్ వార్డెన్‌గారిని ఓడించావంటే నిన్నే తీసుకెళ్తాను, బూట్లు కూడా కొనిపెడతాను" అన్నారు. తాడేపల్లిగూడెం నేను చూడనిదేం కాదు, మా పెద్దమ్మవాళ్ళ ఊరే. కానీ తెల్లబూట్లేసుకుని దిగడం వేరు కదండీ! ఆ వారమంతా అన్నం సహించలేదు.

వార్డెన్‌గారు భారీ మనిషి, పరుగెత్తరు. గది మధ్యలో నిలబడి నన్ను మూలమూలకీ తిప్పుతారు. నేను ఏ మూల ఇరుక్కున్నా బాదడమే. "బాదకే తల్లీ!" అని మేడంగారి మొత్తుకోలు. "ఇరుక్కున్నప్పుడు పైకప్పుకు కొట్టు. బంతి కప్పుకీ, ముందు గోడకీ తగిలి, నేలన పడి ఎత్తుగా లేచి వెనక్కి పోతుంది. ఆవిడ దాని వెనకాల పోతారు, నువ్వు మధ్యకొచ్చెయ్. కాపాడుకునే దెబ్బ ఇది."

"గెలవాలంటే కొట్టాలి గానీ, కాపాడుకోవడమేంటండీ?"

"ముందు మిగులు, తర్వాత గెలుద్దువుగాని."

దెబ్బ బుధవారానికే పట్టుబడింది. కొల్లేటి పక్క మా ఊళ్ళో కోతలప్పుడు కుప్ప మీదున్న నాన్నకు వరి కట్టలు ఎగరేసిన చెయ్యి కదా. చిక్కల్లా తర్వాతే. కొట్టి, మెడ పైకెత్తి అక్కడే నిలబడిపోయేదాన్ని. ఈలోపు బంతి తిరిగొచ్చి నా పక్కనుంచే పోయేది.

"పైన ఏం చూస్తున్నావే, బల్లినా?"

"కట్ట ఎగరేస్తే నాన్న అందుకునేదాకా చూడాలండీ. లేకపోతే జారి మన నెత్తినే పడుద్ది."

మేడంగారు నవ్వలేక నేల మీద కూలబడ్డారు. "ఇక్కడ పైన మీ నాన్న లేరే పిచ్చిదానా! కొట్టి, చూడకుండా వచ్చెయ్!"

శనివారం ఆట చెరో పద్నాలుగు దగ్గరికొచ్చింది. ఇంకొక్క పాయింటు. సర్వీసు నాదే, కానీ వెనక మూల ఇరుక్కున్నాను. బాదెయ్యమని చెయ్యి ఒకటే దురద. పళ్ళు బిగించి పైకి లేపాను. మెడ లేవబోయింది. "నాన్న లేడు, నాన్న లేడు" అని పైకే అనుకుంటూ మధ్యకు ఉరికాను. వార్డెన్‌గారు పరుగెత్తడం మొదటిసారి అప్పుడే చూశాను. పాపం, అందలేదు. రొప్పుతూనే నా దగ్గరికొచ్చి భుజం పట్టుకున్నారు. "అదేంటే, మీ నాన్న నిన్ననేగా హాస్టల్‌కి ఫోన్ చేశారు! ఏమైందే?"

గూడెంలో మొదటి ఆటలోనే ఓడిపోయాం (బూట్లు మాత్రం వెనక్కివ్వలేదు).

ఆ ఏడు కోతలకు ఇంటికెళ్ళాను. కుప్ప మీదికి ఒక కట్ట ఎగరేసి, చూడకుండా ఇవతలికొచ్చేశాను. నాన్న తలపాగా సర్దుకుంటున్నాడట. కట్ట, తలపాగా కలిసే కిందికొచ్చాయి. "ఏమ్మా, పైన మనిషున్నాడన్న ధ్యాసుందా?"

"మధ్యకొచ్చేశాను నాన్నా."

"ఏ మధ్యకి?" అని నాన్న కుప్ప మీద నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

ఆ చేను చేపల చెరువై చాలా ఏళ్ళయింది. నాన్న పోయి కూడా. మొన్న మేడ మీద బట్టలారేస్తున్న మా అమ్మాయికి క్లిప్పుల సంచి కిందనుంచి ఎగరేశాను. పట్టుకుని, "అందిందిలే అమ్మా, ఇంకేం చూస్తావ్, వెళ్ళు" అంది. నాలో ఉన్న, ఒకచోట కాలు నిలవని ఆ ఇరవయ్యేళ్ళ పిల్ల, మెడ పైకెత్తుకుని, ఇంకాసేపు అక్కడే నిలబడింది.