పరస్తానం మూట

మొన్న ఆదివారం మా మనవరాలు నా పక్కన కూర్చుని, చేతిలో ఫోను పట్టుకుని, తనూ భర్తా వెళ్ళబోయే జపాను ప్రయాణానికి టిక్కెట్లు ఎంచుతోంది. అక్కడి రైళ్ళన్నిటికీ పనికొచ్చే వారం రోజుల పాసు మేలా, ఎక్కడికక్కడ విడి టిక్కెట్లు కొనుక్కోవడం మేలా అని తనే ప్రశ్న వేసుకుని తనే లెక్క తేల్చుకుంటోంది. జీవితమంతా ప్రతి పనీ పద్ధతి ప్రకారం చేసి, రాత్రికి డైరీలో రాసుకున్నవాణ్ణి కాబట్టి, ఆ పిల్ల నేర్పు చూసి ముచ్చటపడ్డాను. అంతలో తల తిప్పి, "తాతయ్యా, గురువారం బయల్దేరితే మంచిదేనా? మా అత్తగారు నిన్ను అడగమన్నారు" అంది. పంచాంగం చూడడం నేను మానేసి చాలా ఏళ్ళయిందని పాపం దానికి తెలియదు. ఎందుకు మానేశానో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అరవైల చివరి ఏళ్ళ మాట. మా ఊరు శృంగవరపుకోటకు దగ్గర. నాకు విజయనగరంలో కొత్తగా గుమాస్తా ఉద్యోగమైంది. మా మేనత్త భర్త పెళ్ళయిన రెండో ఏడే మలయా వెళ్ళి, పినాంగు దగ్గర రబ్బరు తోటలో లెక్కలు రాసే పనిలో కుదిరాడు. మా వైపు నుంచి ఓడెక్కిన మగవాళ్ళు చాలామందే ఉన్నారు గాని, వెనక భార్యను రప్పించుకున్నవాళ్ళు తక్కువ. మా మావయ్య ఎన్నాళ్ళో తిరిగి అత్తకు అనుమతి కాగితం సంపాదించి, ఓడ టిక్కెట్టుతో సహా పంపాడు. శనివారం మద్రాసులో ఓడ ఎక్కాలి. అది తప్పితే మళ్ళీ ఓడ వచ్చేలోగా కాగితం గడువు తీరిపోతుంది.

ఇక మిగిలింది మద్రాసు దాకా రైలు. ఆ ఒక్క రైలు ఎంచడానికి మా ఇంట్లో మగవాళ్ళు ఎన్ని సాయంత్రాలు కూర్చున్నారో! పెదనాన్న ఒక మోకాలి మీద రైల్వే టైం టేబులు, ఇంకో మోకాలి మీద పంచాంగం పెట్టుకునేవారు. బుధవారం బండికి పోతే మద్రాసులో ఒక రోజు ఎక్కువ చేతిలో ఉంటుందని నేనన్నాను. ఆడకూతురు రెండేసి రాత్రులు సత్రంలో పడి ఉండడమేమిటని పెదనాన్న కొట్టిపారేశారు. శుక్రవారం బయల్దేరితే ఓడ అందదు. గురువారం మెయిలు అన్నివిధాలా బాగుంది గాని, గురువారం దక్షిణానికి వారశూల, ఆ దిక్కుకు ప్రయాణం కూడదు. మా నాన్న అన్నగారి ఎదుట నోరెత్తే మనిషి కాదు. మా అత్త వంటింటి గుమ్మంలో నిలబడి అన్నీ వినేది. ఏ రోజు వెళ్తావమ్మా అని ఆవిడను ఎవరూ అడగలేదు.

చివరకు పెదనాన్నే దారి కనిపెట్టారు: పరస్తానం పెట్టడం. మంచి రోజున ప్రయాణపు సామానులో కొంత మూటగట్టి, వెళ్ళే దారిలో వేరే ఇంట్లో ఉంచితే ఆనాడే బయల్దేరినట్టు లెక్క. తర్వాత ఏ రోజు వెళ్ళినా, దారిలో ఆ మూట అందుకుని సాగిపోవడమే. పాత చీరా, గుప్పెడు బియ్యం, పసుపుకొమ్మూ కడితే చాలునని మా అమ్మ అంటే పెదనాన్న ఒప్పుకోలేదు. "టిక్కెట్టు లేని మూట పయనమెలాగవుతాది? దేవుడి కళ్ళు కప్పుదామనేటి?" అన్నారు.

టిక్కెట్లు నేనే తెచ్చాను. తోడు వెళ్ళే నాకు రానూపోనూ, అత్తకు పోవడానికి మాత్రమే. ఆవిడ తన టిక్కెట్టును వేళ్ళతో తడిమి, "నాది మళ్ళొచ్చే టిక్కెట్టు కాదు కదరా అల్లుడా?" అని నవ్వింది. ఆవిడ అలా నవ్వగా నేను మళ్ళీ చూడలేదు.

బుధవారం ఉదయం రైలు టిక్కెట్లూ ఓడ టిక్కెట్టూ అనుమతి కాగితమూ అన్నీ పసుపు గుడ్డలో కట్టి, బస్సు ఆగే చోట ఉన్న మృదంగం తాతగారింట్లో పెట్టి వచ్చాం. ఆయన గుడిలో వాయించే పెద్దమనిషి. మృదంగం పక్కనే మూటకు చోటిచ్చి, "నా పక్కనుంటే దానికేటి భయం!" అన్నారు.

గురువారం మధ్యాహ్నం అత్త కొత్త చీర కట్టుకుని, అందరికీ దండం పెట్టి గడప దాటింది. బస్సు దగ్గరకు వచ్చేసరికి తాతగారి ఇంటి ముందు జనం. భోజనం చేసి నడుం వాల్చిన మనిషి మరి లేవలేదట.

పెదనాన్న రోడ్డు మీదే ఆగిపోయారు. తాతగారి కోడలు అంత ఏడుపులోనూ మమ్మల్ని చూసి, మూట తెచ్చి అరుగు మీద పెట్టింది. నాలుగు బారల దూరం. నేను ముందుకు కదిలితే పెదనాన్న చెయ్యి అడ్డం పెట్టి, అత్త వైపు తిరిగారు. "శవమున్న ఇంటి నుంచి పయనమా? ఆ మూట ముట్టుకుంటే అక్కడ నీ మొగుడికేటవుతాదో తెలుసునా? ఒసే, బొట్టు మీద ఆశ లేదేటే నీకు?"

"నా మొగుడి దగ్గిరికెల్లడానికే కదన్నయ్యా! అడ్డు తప్పుకో, నాను తెచ్చుకుంటాను" అంది అత్త. ఆవిడ అన్నగారికి ఎదురు చెప్పడం అదే మొదలు. పెదనాన్న ఆవిడ రెక్క పట్టుకున్నారు. బస్సు కండక్టరు విసుక్కున్నాడు: "ఎక్కుతారా, మానుతారా? మీకోసం మెయిలు ఆగుతాదేటి?" మా నాన్న నేల చూపులు చూస్తున్నారు. బస్సు వెళ్ళిపోయింది. మూట అరుగు మీదే ఉంది.

పరస్తానం పెట్టాక గడప దాటిన మనిషి వెనక్కి రాకూడదన్నది కూడా ఆ శాస్త్రంలోని మాటే. దాని సంగతి పెదనాన్నకు గుర్తు రాలేదు. అత్త అదే కొత్త చీరతో వెనక్కి నడిచి వచ్చి వంటింట్లోకి వెళ్ళింది.

మావయ్య మళ్ళీ ప్రయత్నించానని రాశాడు. తర్వాత అక్కడి నిబంధనలు బిగిశాయని రాశాడు. తర్వాత రాయడమే తగ్గించాడు. అక్కడ ఇంకో సంసారం పెట్టాడని, తిరిగి వచ్చినవాళ్ళెవరో చెప్పారు. అప్పుడు కూడా పెదనాన్న పదిమందిలో, ఆ రోజు తాను అడ్డుపడబట్టే చెల్లెలి బొట్టు నిలిచిందని చెప్పుకునేవారు. నిజమే, నిలిచింది. పోయేదాకా ఆవిడ రూపాయంత బొట్టు పెట్టుకునే ఉంది. దాన్ని చూడవలసిన మనిషే మళ్ళీ రాలేదు. పెదనాన్న పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆయన మీద కోపం మాత్రం నాలో పోలేదు, పోవాలని కూడా నాకు లేదు.

తర్వాతి రోజుల్లో మా ఇంట్లో ఎవరు ఊరికి బయల్దేరినా, మంచి రోజు చూడండని మగవాళ్ళు అంటుంటే, అత్త మాత్రం వంటింట్లోంచి ఒకటే మాట అనేది: "రోజుకేటుంది? టిక్కెట్టు మాత్రం ఎవరింట్లోనూ ఎట్టకండి. సేతిలో ఉంచుకోండి."

నేనింకా ఇవన్నీ తలుచుకుంటుండగానే మనవరాలు, "పోనీలే తాతయ్యా, శుక్రవారం చూస్తాను. ఆవిడతో గొడవెందుకు?" అని వేలితో ఆ గురువారాన్ని పక్కకు తోసేసింది. నువ్వు ఏ రోజు వెళ్దామనుకున్నావమ్మా అని అడిగాను. ఇదేం ప్రశ్న అన్నట్టు నా వైపు చూసింది. మా అత్త కోరుకున్నట్టే టిక్కెట్లు ఇప్పుడు ఆడపిల్లల చేతిలోకి వచ్చాయి. రోజు మాత్రం ఇంకా వేరేవాళ్ళ ఇంట్లోనే ఉంది.